ఖాళీ జీపు బరువు

మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు టేపు పిన్ని పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. ఒక చేతిలో టీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో గుడ్డసంచి. సంచిలో ఒక సుద్దముక్క, ఒక స్క్రూడ్రైవరు, అంకెలు సగం అరిగిపోయిన కొలత టేపు. ముప్ఫై ఏళ్ళు బీమా కంపెనీ తరఫున గుద్దుకున్న బళ్ళను కొలిచీ కొలిచీ రిటైరైన మనిషావిడ. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోమంటే ఒళ్ళు మండి, ముందు గదికి డిటెక్టివ్ అని బోర్డు కొట్టించుకుంది. ఆ బోర్డు పెట్టిన రోజు నుంచీ ఆవిడకు ఆకలీ నిద్రా రెండూ బాగున్నాయి. ఈ రోజు మాత్రం పొద్దుటి కాఫీ కూడా సరిగా దిగలేదు. పన్నెండింటికల్లా ఒక మంచి పనివాడి మీద దొంగ అన్న ముద్ర పడబోతోంది మరి.

"గంటా యాభై నిమిషాలుంది పిన్నీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్, గోడ గడియారం వైపు చెయ్యి చూపించి. "పన్నెండు కొట్టగానే మేస్త్రిని కోర్టుకు పంపిస్తున్నాను. ఈలోగా నువ్వేం కొలుస్తావో కొలుచుకో."

ఇన్‌స్పెక్టర్ ఆవిడ సొంత అక్క కొడుకు. ఆవిడ ఒళ్ళో కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నవాడు. స్టేషన్లో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే మాత్రం మొహం కందగడ్డ చేసుకుంటాడు.

"కేసు ఏమిటో నీ నోటితో చెప్పరా, వింటాను," అంటూ పిన్ని కుర్చీ లాక్కుంది.

"చాలా తేలిక. ఊరి గడియార స్తంభం యంత్రాన్ని రిపేరుకని విప్పి మేస్త్రి షెడ్డులోని అల్మారాలో పెట్టారు. పద్నాలుగు ఇత్తడి చక్రాలు, వాటి ఇరుసులు, అన్నీ కలిపి రెండొందల కిలోలు. అలాంటి పాత యంత్రాల కోసం ప్రాణం పెట్టేవాళ్ళు బోలెడుమంది. శనివారం సాయంత్రం ఆరింటికి మేస్త్రి షెడ్డుకి తాళం వేశాడు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి తీస్తే అల్మారా ఖాళీ. తాళం పగల్లేదు. తాళంచెవి ఒక్కటే, అది ఆయన దగ్గరే ఉంటుంది. ఇంక దొంగ ఎవరో చెప్పడానికి డిటెక్టివ్ కావాలా?"

"పగటిపూట ఆ తాళంచెవి ఎక్కడుంటుంది?"

"తలుపు పక్కన మేకుకి."

"మరి ఆయన దగ్గరే ఉంటుందంటావేం? సబ్బుబిళ్ళ మీద అచ్చు తీసుకోవడానికి ఎంతసేపు పడుతుంది?"

ఇన్‌స్పెక్టర్ లోపలి గది తలుపు వైపు చెయ్యి చూపించాడు.

లోపలి గదిలో బల్ల మీద కూర్చున్నాడు కమాన్ల మేస్త్రి. బండి అడుగున స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు పట్టీల కట్టల్ని, అంటే కమాన్లని, వేసి తీసి జీవితం గడిపినవాడు. జీపు ఎత్తు పెంచాలన్నా, రాళ్ళలో రప్పల్లో తిరగడానికి లావు టైర్లు వేయించాలన్నా జనం ఆయన దగ్గరికే వస్తారు. ఇనుము కోయడంలో ఆయన చెయ్యి చూసే ఊరి పెద్దలు గడియారాన్ని కూడా అప్పగించారు. మూడు రోజులుగా ఈ బల్లే ఆయనకు ఇల్లయింది. కేసు పడితే షెడ్డుకు సీలు వేస్తారు. సీలు పడిన షెడ్డు ముందు మళ్ళీ ఏ బండీ ఆగదు.

పిన్ని ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆయన చేతికిచ్చింది. "ముందు తాగు మేస్త్రీ. తర్వాత చెబుదువుగాని. ఆ వారం షెడ్డులో ఎవరి బళ్ళున్నాయి?"

"ఒక్కటేనమ్మా. గుడారాల ఆసామిది. కొండ మీద టూరిస్టులకి గుడారాలు అద్దెకిస్తాడు చూడండి, ఆయన జీపు. ఎత్తు పెంచే స్ప్రింగులు వెయ్యమని గురువారం తెచ్చి పెట్టాడు. మూడు రోజులూ పక్కనే నిలబడి పని చేయించుకున్నాడు."

"ఎలాంటివి ఎంచుకున్నాడు?"

ఆ ప్రశ్నతో మేస్త్రి మొహంలోకి ప్రాణం వచ్చింది. టీ పక్కన పెట్టేశాడు.

"అందరూ టైరు నుంచి మొదలెడతారమ్మా. ఫోటో చూపించి, ఇదిగో ఇంత లావువి కావాలంటారు. అది తలకిందుల బేరం. ముందు ఎంత బరువు మోస్తావో చెప్పాలి. బరువుని బట్టి స్ప్రింగు, స్ప్రింగు ఇచ్చే ఎత్తుని బట్టి టైరు. లేకపోతే స్టీరింగు పూర్తిగా తిప్పేసరికి టైరు వెళ్ళి మడ్‌గార్డుని గీకుతుంది. ఆయన్నీ అదే అడిగాను, ఎంత బరువు మోస్తారు అని. ఇద్దరు మనుషులు, ఒక గుడారం అన్నాడు. అయితే మామూలువి చాలన్నాను. ఊహూఁ! వెనక రెండొందల కిలోలు ఎప్పుడూ మోసే బండికి వేసే గట్టి కట్టలే కావాలన్నాడు."

"వేస్తే నష్టమేముంది?"

"ఖాళీ బండికి అవి వేస్తే వెనక భాగం కోడిపుంజు తోకలా పైకి లేస్తుంది. గోతిలో పడ్డప్పుడల్లా నడుం విరుగుతుంది. మొత్తుకున్నాను. నడుం నాది, నీకెందుకన్నాడు."

"టైర్లు కూడా ఆయన కోరినవేనా?"

"అవి నేను పట్టుబట్టి వేయించినవమ్మా! ఆయన స్ప్రింగులు చాలన్నాడు. నాలుగంగుళాలు ఎత్తు లేపి కింద పాత ఇరవై ఎనిమిదంగుళాల టైర్లు ఉంచితే బండి ఎంత వికారంగా ఉంటుంది! నా చేతి పని అలా రోడ్డెక్కితే నాకు అన్నం సయించదు. ముప్ఫై మూడంగుళాలవి వేయించాను. నాలుగే కొన్నాడు. వెనక తగిలించిన స్టెప్నీ మాత్రం పాతదే. కిలోమీటర్ల మీటరు కూడా సరిచెయ్యాలి, రెండు రోజులాగండి అన్నాను. తీరిక లేదని శనివారం ఐదింటికి తీసుకుపోయాడు."

పిన్ని కళ్ళు మెరిశాయి. "ఇచ్చే ముందు కొలతలు తీశావా?"

"తియ్యకుండా ఏ బండీ ఇవ్వను. వెనక చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా, ఖాళీగా ఒకసారి, ఇసక మూటలు వేసి ఒకసారి. బానెట్ లోపలి వైపు పసుపు రంగుతో రాస్తాను. పక్కనే ఆ రోజు మీటరు అంకె. అది నా గుర్తు కోసం. బండివాళ్ళకి చెప్పను."

ఇంతవరకూ నీళ్ళు పారినట్టు మాట్లాడినవాడు, తర్వాతి ప్రశ్నకు ఆగిపోయాడు.

"శనివారం తాళం వేసేటప్పుడు ఆ అల్మారాలోంచి ఏమైనా బయటికి తీశావా?"

మేస్త్రి నీళ్ళు నమిలాడు. "లే... లేదమ్మా." అంటూనే కుడిచేతి బొటనవేలిని పిడికిలిలో దాచుకున్నాడు. దాచేలోగా పిన్ని చూడనే చూసింది. గోరు సందులో సన్నగా పసుప్పచ్చటి ఇత్తడి పొడి మెరుస్తోంది. ఈ మనిషి అబద్ధమాడుతున్నాడు, ఆడటం మాత్రం చేతకావడం లేదు.

వరండాలోకి రాగానే ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. తలుపు చాటునుంచి అంతా విన్నట్టే ఉంది.

"చూశావా, ఎలా తడబడ్డాడో! ఇక నీ అనుమానం ఆ ఆసామి మీదని నాకు తెలుసు. నేనేం చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చోలేదు పిన్నీ. ఆయన సంగతి ఆదివారమే తేల్చేశాను. శనివారం ఐదింటికి జీపు తీసుకున్నాడు. ఐదూ ఇరవైకి కొండదారిలో ఊరికి తొమ్మిది కిలోమీటర్ల అవతల బంకులో పెట్రోలు పోయించుకున్నాడు. రసీదుంది. అక్కణ్ణుంచి నేరుగా కొండ మీదికి. ఆదివారం మావాడు వెళ్ళి జీపుతో సహా తీసుకొచ్చాడు."

"నేరుగా వెళ్ళాడని ఎవరు చూశారు?"

"మీటరు చూసింది." ఇన్‌స్పెక్టర్ కాలరు సర్దుకున్నాడు. "షెడ్డు నుంచి కొండకు యాభై ఒకటి, అక్కణ్ణుంచి స్టేషనుకు యాభై ఒకటి. మొత్తం నూట రెండు. షెడ్డు వదిలినప్పటి అంకె మేస్త్రి నోటితోనే చెప్పించాను. నలభై ఎనిమిదివేల రెండొందల పది. ఇక్కడికొచ్చాక మూడొందల పన్నెండు. అక్షరాలా నూట రెండు! ఒక్క కిలోమీటరు అటూ ఇటూ లేదు. పాపం, ఆయన్ని మూడు రోజులు ఆపేశాను. జీపు మన ఆవరణలోనే భద్రంగా ఉంది. పన్నెండింటికి ఇచ్చి పంపించేస్తున్నాను."

"జీపు లోపల వెతికావా?"

"పరుపెత్తి చూశాను. వెనక పడుకోవడానికి ఎప్పట్నుంచో బిగించి ఉన్న చెక్క మంచం. అంతే."

"మంచం కిందో?"

"మంచం కింద జీపుంది!"

పిన్నికి నవ్వాగలేదు. చిన్నప్పుడు పదమూడో ఎక్కం తప్పు చెప్పి కూడా వీడు ఇలాగే ఛాతీ విరిచి నిలబడేవాడు. ఆ జ్ఞాపకంతో పొద్దుటి నుంచీ ఉన్న దిగులు సగం తగ్గింది.

పదకొండూ ఐదు. స్టేషన్ వెనక ఆవరణలో ఎండ హాయిగా ఉంది. జీపు గోడ పక్కన నిలబడి ఉంది, ఎత్తుగా, దర్జాగా. పిన్ని ఇరవై అడుగుల దూరంలో ఆగి, తల పక్కకు వంచి చూసింది. ముందూ వెనకా గీత గీసినట్టు ఒకే మట్టం. ఆవిడ తనలో తను "ఆహా" అనుకుంది.

అప్పటికే గుడారాల ఆసామి వచ్చేశాడు. చలవ కళ్ళద్దాలు, చేతిలో సంచి, మొహాన ఊరంతా తనదే అన్నంత నవ్వు.

"నమస్కారం మేడమ్! మీ గురించి చాలా విన్నాను. కొలవండి, కొలవండి. నా జీపు దాచుకునేదేం లేదు."

"అదే చూద్దాం నాయనా," అని పిన్ని టేపు తీసింది. ముందుగా వెనక తలుపుకు తగిలించిన స్టెప్నీ చుట్టూ టేపు తిప్పింది. "ఒరే అబ్బాయ్, చదువు."

"రెండు మీటర్ల ఇరవై మూడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ విసుగ్గా.

"ఇప్పుడు నేల మీదున్న టైరు. కింద టేపు దూరదు కాబట్టి సుద్దతో గుర్తు పెడతాను. జీపుని ఒక్క చుట్టు ముందుకు తొయ్యమను."

ఇద్దరు కానిస్టేబుళ్ళు జీపుని తోశారు. తొయ్యడానికి నడుం వంచిన ఇద్దరూ ఒకేసారి "అమ్మో" అన్నారు. ఆ మాట పిన్ని చెవిన పడింది. సుద్దగుర్తు తిరిగి నేలకు తాకినచోట ఆపించి, రెండు గీతల మధ్య టేపు పరిచింది.

"రెండు మీటర్ల అరవై మూడు."

"ఇప్పుడు లెక్క చెబుతాను, చిన్నప్పటిలా విను. మీటరుకి రోడ్డు కనబడదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అదొక్కటే దానికి తెలుసు. ఫ్యాక్టరీలో చుట్టుకి రెండు ఇరవై మూడని చెప్పి పంపారు, పాపం అది ఇప్పటికీ అదే నమ్ముతోంది. మేస్త్రి లావు టైర్లు వేశాక జీపు చుట్టుకి నలభై సెంటీమీటర్లు ఎక్కువ పోతోంది. అంటే ఆ మీటరు నూట రెండు చూపించిందంటే బండి నిజంగా తిరిగింది?"

ఇన్‌స్పెక్టర్ పెదాలు కదిలాయి. ఒకసారి వేళ్ళు మడిచి, మళ్ళీ విప్పి, జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు. "నూట ఇరవై."

"కొండకెళ్ళి రావడానికి నూట రెండు. నేరుగా వెళ్ళి ఉంటే మీటరులో ఎనభై ఏడు ఉండాలి. నీ లెక్క అక్షరాలా కుదిరిందని మురిసిపోయావు చూడు, అలా కుదరకూడదురా. మిగిలిన పద్దెనిమిది కిలోమీటర్లు ఎక్కడివి? బంకు ఊరికి ఎంత దూరమన్నావు?"

"తొమ్మిది..." ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది. "పెట్రోలు పోయించుకుని, తొమ్మిది వెనక్కి వచ్చి, మళ్ళీ తొమ్మిది వెళ్ళాడు."

"ఆరింటికి మేస్త్రి తాళం వేసి ఇంటికెళ్ళాక."

ఆసామి నవ్వు ఇంకా అలాగే ఉంది, కాకపోతే కాస్త బిగుసుకుంది. "కొత్త స్ప్రింగులు కదా మేడమ్, సరదాగా రెండు రౌండ్లు కొట్టి చూశాను. అది నేరమా?"

"నేరం కాదు. బానెట్ తెరువు నాయనా."

బానెట్ లోపల పసుపు రంగు అక్షరాలు చూసి ఆసామి కళ్ళద్దాలు తీశాడు. వాటినతను చూడటం అదే మొదటిసారి. ఖాళీ, యాభై ఆరు. రెండొందల కిలోలు, యాభై రెండు. కింద మీటరు అంకె. పిన్ని వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచుకు టేపు నిలబెట్టింది.

"యాభై రెండు," అంది.

"పెట్రోలు నిండుగా ఉండి ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఓడిపోతున్నా పోట్లాట మానడు.

"ముల్లు చూడు. పావు ట్యాంకు."

"కొత్త కమాన్లు కొంత కుంగుతాయి కదా?"

"మేస్త్రినే పిలిపించి అడుగు."

మేస్త్రిని ఆవరణలోకి తెచ్చారు. ఆయన జీపు వైపు ఒక్క చూపు చూసి బిత్తరపోయాడు. "అదేంటి, తోక దిగిపోయింది! కుంగితే అర సెంటీమీటరు కుంగుతాయి సార్, నాలుగు కాదు. ఇందులో ఏదో బరువుంది."

"అందుకేరా ఆ స్ప్రింగులు," అంది పిన్ని లేచి నిలబడి. "మామూలు కమాన్ల మీద రెండొందల కిలోలు వేస్తే బండి వెనక చతికిలబడుతుంది, దారిన పోయే ప్రతివాడూ లోపల ఏముందని చూస్తాడు. గట్టివి వేయించుకుంటే ఎంత బరువున్నా తిన్నగా, ఖాళీ బండిలా కనబడుతుంది. తెలివైన ఎంపికే. మేస్త్రి ఖాళీ కొలత కూడా రాసిపెట్టుకుంటాడని మాత్రం ఊహించలేదు. మూడు రోజులుగా ఊరి గడియారానికి నువ్వే కాపలా కాస్తున్నావు అబ్బాయ్."

ఇన్‌స్పెక్టర్ ఆవిడ సంచిలోంచి స్క్రూడ్రైవరు లాక్కున్నాడు. పదకొండూ నలభైకి మంచం మీది చెక్క లేచింది. కింద పాత దుప్పట్లలో చుట్టి, పక్కపక్కనే పళ్ళేల్లా పరిచి ఉన్నాయి ఇత్తడి చక్రాలు. ఎండ తగిలి ఆవరణంతా పసుపు వెలుతురు పడింది. కానిస్టేబుళ్ళు చప్పట్లు కొట్టినంత పని చేశారు.

అప్పుడు ఆసామి తీరిగ్గా కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"బాగుంది సార్. జీపు మూడు రోజులుగా మీ గేటు లోపల ఉంది. తాళాలు మీ టేబులు సొరుగులో ఉన్నాయి. ఈ సామాను ఇందులో ఎవరు పెట్టారో మీరే చెప్పాలి. కోర్టులో నేనూ అదే అడుగుతాను."

ఇన్‌స్పెక్టర్ మొహం పాలిపోయింది. నిజమే, తాళాలు తన దగ్గరే ఉన్నాయి. టేపు బరువు చెబుతుంది గాని, ఆ బరువు ఎప్పుడు ఎక్కిందో చెప్పదు.

"ముందు లెక్కపెట్టు మేస్త్రీ," అంది, ఆలోచించుకోవడానికి వ్యవధి కోసం.

మేస్త్రి వంగి ఒక్కొక్కటీ దుప్పటి తప్పించి చూశాడు. పసిపిల్లల్ని తడిమినట్టు తడిమాడు. చివరిదాకా వచ్చి చటుక్కున ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పదమూడు. అన్నిటికన్నా చిన్నది లేదు," అన్నాడు మెల్లిగా.

"పద్నాలుగు కదా?" ఇన్‌స్పెక్టర్ ఆసామి మీదికి ఒక్క అంగ వేశాడు. "మిగతాది ఎక్కడమ్మేశావ్?"

"నాకేం తెలుసు!"

"అన్నిటికన్నా చిన్నది, అది లేకపోతే గడియారం ఒక్క టిక్కు కూడా అనదు. ఎవరికమ్మావ్? చెప్పు!"

"నేనెందుకమ్ముతాను? నా మీదికి తొయ్యకండి!" ఆసామి చెయ్యి మేస్త్రి వైపు దూసుకొచ్చింది. "ఆ ముసలాయన్నే అడగండి! నేను తలుపు తీసేసరికే అల్మారాలో పదమూడే ఉన్నాయి!"

పక్కనున్న కానిస్టేబుల్ పెన్ను గబగబా కదిలింది. ఆసామి తన మాట తన చెవిలో పడ్డాక నెమ్మదిగా చెయ్యి దించుకున్నాడు.

"రాసుకున్నావా?" అని పిన్ని కానిస్టేబుల్ని అడిగింది.

"రాసుకున్నానమ్మా. తలుపు తీసేసరికే పదమూడున్నాయన్నది కూడా."

ఆసామిని లోపలికి తీసుకెళ్ళాక మేస్త్రి అక్కడే నేల మీద కూలబడ్డాడు. "ఆ చిన్నది నా దగ్గరే ఉందమ్మా. ఒక పన్ను వంకరపోతే, ఇంట్లో కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని శనివారం తీసుకెళ్ళాను. ఆకురాయి పట్టి సరిచేసి మా ఆవిడ కుట్టుమిషను సొరుగులో పెట్టాను. తెల్లారేసరికి మిగతావన్నీ మాయం. ఒకటి నా ఇంట్లో ఉందని చెబితే అన్నీ నేనే తీశానంటారని..."

"నీ గోరు నాకెప్పుడో చెప్పేసింది," అంది పిన్ని. ఆవిడ కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. "ఆ ఇత్తడి పొడి ఎందుకంటిందో తెలియక భయపడి చచ్చాననుకో."

గోడ గడియారం పన్నెండు చూపిస్తుండగా ముగ్గురూ ఫ్లాస్కులో మిగిలిన టీ పంచుకున్నారు. ఇన్‌స్పెక్టర్ గ్లాసు కింద పెట్టి మేస్త్రి వైపు తిరిగాడు.

"మేస్త్రిగారూ, తప్పయిపోయింది. ఆ... మా స్టేషన్ జీపు కొండదారిలో అడుగు తగులుతోంది. అలాంటి లావు టైర్లు దానికి కూడా వేస్తారా?"

మేస్త్రి చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

"టైర్ల సంగతి తర్వాత సార్," అన్నాడు. "ఎంత బరువు మోస్తారో ముందు అది చెప్పండి."